వాకిట్లో మంచం

ప్రొద్దుటూరు హైస్కూల్లో మల్లికార్జునయ్య తెలుగు అయ్యవారు. పిల్లలు తప్పు చేస్తే కొట్టేవాడు కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఎదుటోడి చోట నువ్వుంటే ఎట్లుంటాదో ఒక్కసారి ఆలోచించు నాయనా" అనేవాడు. వీధిలో ఎవరింట్లో తగవొచ్చినా ఆయన్నే పిలిచేవాళ్ళు. ఏది న్యాయమో తనకు తెలుసుననే నమ్మకం ఆయనకూ ఉండేది.

ఆయన ఇంటిని ఆనుకునే ఖలందర్ ఇల్లు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఖలందర్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నలభై ఏళ్ళు ఆ దూది పొడి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు చెడిపోయాయి. కర్నూలులో నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉంచుకుని, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఇంటికి రెండే గదులు, రెంటికీ కిటికీ లేదు. లోపల పడుకుంటే ఆయనకు గాలి ఆడేది కాదు. అందుకని కొడుకు నూరుల్లా వాకిట్లో రేకుల కింద మంచం వేసి, వెనక మూడు దిండ్లు పెట్టి ఆనించి కూర్చోబెట్టేవాడు. రాత్రింబగళ్ళు అక్కడే. దగ్గు వీధి చివరిదాకా వినిపించేది. భార్య పీరాంబీ వీపు నిమురుతూ, ఉమ్మడానికి బూడిద పోసిన డబ్బా పట్టుకుని పక్కనే ఉండేది.

మాఘమాసంలో మల్లికార్జునయ్య కూతురు సింధూకు పులివెందుల సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు విష్ణుతేజ. అతని తండ్రి విశ్వనాథ్ అక్కడ కాలేజీలో లెక్చరర్. ఆదివారం ఉదయం పది దాటాక తాంబూలాలు మార్చుకోవాలనుకున్నారు. శనివారం సాయంత్రం ఇంటి ముందు షామియానాకు గుంజలు పాతుతుండగా భార్య మీనాక్షి ఆయన్ను లోపలికి పిలిచింది.

"ఆ మంచం సరిగ్గా మన గేటు పక్కనే ఉంది, చూసినారా? వాళ్ళు కారు దిగంగానే ఆయప్ప దగ్గు, ఆ డబ్బా... మంచి పని జరిగే చోట ఏం బాగుంటాది? ఒక్క పూట లోపల పండుకోమని చెప్పగూడదా?"

"రోగంతో ఉండే మనిషే. ఎట్ల చెప్పేది?"

"మీరు చెప్తే ఇంటారు."

నిజానికి ఆ ఆలోచన రెండు రోజులుగా ఆయన మనసులోనూ తిరుగుతోంది. భార్య నోట బయటికి వచ్చేసరికి దానికి ధైర్యం వచ్చింది. చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళాడు.

ఆయన్ను చూడగానే ఖలందర్ నవ్వాడు. "రాండి అయ్యవారూ... పాపకు... రేపే గదా" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. మల్లికార్జునయ్య ఆ ముఖం చూస్తూ అడగలేక పీరాంబీ వైపు తిరిగాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. రేపు కొత్తోళ్ళు వస్తాండారు. వాళ్ళు ఎట్లాంటోళ్ళో ఏమో. ఒక్క పూట అన్నను లోపల పండుకోబెడితే... మీకు ఇబ్బంది అయితే వద్దులే."

పీరాంబీ మొగుడి వైపు చూసింది. ఆయన చెయ్యెత్తి, సరేనన్నట్టు ఊపాడు.

"దానికేముంది అయ్యవారూ? మన పాప పని. మీ చుట్టాలు బండెక్కేదాక లోపల్నే ఉంటాడు. నాదీ మాట" అందామె. అప్పటికప్పుడే కొడుకును కేకేసింది. నూరుల్లా ఆటో తోలుతాడు, ముప్పై ఏళ్ళ మనిషి. వచ్చి, విషయం విని, అయ్యవారి వైపు ఒక్కసారి చూశాడు. వంగి మంచం ఒక వైపు పట్టుకున్నాడు. మల్లికార్జునయ్య మంచం రెండో వైపు పట్టబోతే, "వద్దు సార్, మేం పట్టుకుంటాం" అన్నాడు.

ఇంటికొచ్చి, "అడిగే పద్ధతిలో అడిగితే ఎవరూ కాదనరు" అని చెప్పాడు మల్లికార్జునయ్య భార్యతో. మనసు తేలికగానే ఉంది.

ఆదివారం అంతా అనుకున్నట్టే జరిగింది. పులివెందుల వాళ్ళు రెండు కార్లలో వచ్చారు. స్పీకరు డబ్బా గోడవారగా పెట్టి సన్నాయి వేశారు. తాంబూలాలు మార్చుకున్నారు, సింధూకు చీర పెట్టారు. వడ్డన మధ్యలో మీనాక్షి భర్త పక్కకు వచ్చి, "ఈ పొద్దు దగ్గే ఇనపడలేదు, దేవుడి దయ" అని చెవిలో చెప్పి పోయింది. భోజనాలయ్యాక రెండు గంటలకు వియ్యాలవారు బయల్దేరారు.

కార్లు మలుపు తిరిగాక మల్లికార్జునయ్య ఒక పళ్ళెంలో ఓళిగలు, పులిహోర, లడ్లు పెట్టించాడు. ఖలందర్‌కు ఓళిగలంటే ఇష్టం. తనే తీసుకుపోతే మర్యాదగా ఉంటుందనుకున్నాడు. పక్కింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. మోచేత్తో తోసుకుని లోపలికి అడుగు పెట్టాడు.

ఖలందర్ చాప మీద ఉన్నాడు. మెడదాకా తెల్లబట్ట కప్పి ఉంది. దవడకు గుడ్డ కట్టారు. చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. అందరూ కొంగులు నోట్లో కుక్కుకుని ఉన్నారు. జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆయన చెల్లెలు జానీబీ మోకాళ్ళ మధ్య ముఖం దాచుకుంది, వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. అంతమంది ఉన్న గదిలో ఒక్క చప్పుడు లేదు. గోడ అవతలి సన్నాయి ఒక్కటే వినిపిస్తోంది.

పీరాంబీ తలెత్తింది.

"అయిపాయనా అయ్యవారూ? పాపది బాగ జరిగిందా?"

ఆయన చూపు చాప మీదనే ఉంది.

"చుట్టాలు బండెక్కినారా?"

తలూపాడు.

ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఇంక ఏడ్చండమ్మా" అంది.

జానీబీ గొంతులోంచి వచ్చిన మొదటి కేకకు మల్లికార్జునయ్య గోడకు చేరగిలబడ్డాడు. పొద్దుటినుంచి ఆపుకున్న ఏడుపు అంతా ఒక్కసారిగా బద్దలైంది. చేతిలో పళ్ళెం. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. శవం ముందు ఓళిగల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నానన్న సంగతి ఒక్కటే ఆయనకు తెలుస్తోంది. పళ్ళెంతోనే వెనక సందులోకి వెళ్ళాడు. అక్కడ మగవాళ్ళతో పాటు నూరుల్లా ఉన్నాడు.

"ఎప్పుడు నాయనా?"

"పొద్దున ఆరింటికి సార్."

"నాకు ఒక మాట చెప్పగూడదా?"

"అమ్మ చెప్పనీలేదు. మసీదు మైకులో చెప్పేది గూడా అప్పుడే వద్దనింది. చుట్టాలను ఎనక సందులో నుంచి రమ్మన్యాం." నూరుల్లా లోపలి గది వైపు చూశాడు. "తెల్లారేటప్పుడు నాయనకు గాలి ఆడలేదు సార్. బయటికి ఎత్తుకపోరా అన్యాడు. నేను మంచం పట్టుకున్యా. అయ్యవారికి మాట ఇచ్చినాం, ఒక్క పూట ఓర్చుకోమనింది అమ్మ. ఓర్చుకున్యాడు."

అతని గొంతులో కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పాడు. మల్లికార్జునయ్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూశాడు. తిట్టి ఉంటే ఆయనకు నిలబడడానికి కాస్త చోటు దొరికేది.

ఇంటికొచ్చి మొదట సన్నాయి ఆపాడు. సంగతి విన్న మీనాక్షి కూలబడిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "శుభం జరిగిన ఇల్లు గదా, ఈ పొద్దు మీరు పోగూడదేమో. రేపు పొయ్యి పలకరిద్దాం" అంది నెమ్మదిగా.

"మన శుభం కోసరం వాళ్ళు ఏడుపు గూడా మింగుకున్యారే" అన్నాడాయన. ఆమె లేచి, తనే ముందుగా పక్కింటికి నడిచింది.

సాయంత్రం జనాజా లేచింది. మల్లికార్జునయ్య దగ్గరికి వెళ్ళి, "నేను గూడా భుజం పడతా" అన్నాడు. నూరుల్లా తల తిప్పుకున్నాడు. వెనక ఉన్న ముసలాయన ఒకరు జరిగి చోటిచ్చారు. పది అడుగులు మోశాక ఇంకొకరు అందుకున్నారు. తరవాత దారంతా ఆయన అందరికన్నా వెనక, ఒంటరిగా నడిచాడు. గోరీల దగ్గర మూడు పిడికిళ్ళ మన్ను వేశాడు. అక్కడా ఆయన్ను ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఆ సాయంత్రమే విశ్వనాథ్‌కు ఫోన్ చేశాడు. దాచి ఉంచడానికి మనసొప్పలేదు. జరిగిందంతా చెప్పి, "మీరేమనుకుంటారో అని మంచం లోపల ఏయించినా బావగారూ" అన్నాడు.



"మేం అడిగినామా?" అన్నాడు విశ్వనాథ్.

"లేదు."

"మా నాయన గూడా రెండేండ్లు వాకిట్లో మంచం మీదనే ఉండి పోయినాడు. ఆ పెద్దాయన బయట ఉండింటే దిగంగానే నమస్కారం పెట్టి, బాగుండావా అని అడిగి, లోపలికి వచ్చేవాళ్ళం."

మల్లికార్జునయ్య ఫోన్ పెట్టేశాడు. ఎవరి కోసం చేశానని ఇంతసేపూ చెప్పుకున్నాడో, వాళ్ళకు అది అక్కర్లేదు. పక్కింటివాళ్ళకు అక్కర్లేదు. చావబోయే మనిషి గాలిని తీసేసింది తన పరువు ఒక్కటే.

మూడో రోజు జియారతు ప్రార్థనలకు చుట్టాలంతా చేరినప్పుడు సింధూను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అందరి ముందూ పీరాంబీకి చేతులు జోడించాడు.

"తప్పు చేసినా అక్కా."

"ఏం తప్పు అయ్యవారూ? లోపలున్యా బయటున్యా రెండు మూడు దినాలే అని డాక్టరు చెప్పనే చెప్పినాడు. మీరు మంచి మాటతోనే అడిగినారు."

"మంచి మాటతో అడగడమే తప్పు. కసురుకొనింటే నువ్వు కాదనింటావు. నువ్వు కాదనలేవని తెలిసే అట్ల అడిగినా."

పీరాంబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సింధూ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నూరుల్లా వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత నెలల తరబడి నూరుల్లా ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు, అంతే. మల్లికార్జునయ్య కూడా పలకరించి ఇబ్బంది పెట్టలేదు. తన తప్పును అతను మరిచిపోవాలని కోరే హక్కు తనకు లేదనుకున్నాడు.

శ్రావణంలో పెళ్ళి. అప్పటికి, మొగుడు పోయాక పీరాంబీ ఇల్లు కదలకుండా ఉండవలసిన నాలుగు నెలల పది రోజులూ అయిపోయాయి. మొదటి శుభలేఖ ఆ ఇంటికే తీసుకుపోయాడు. నూరుల్లా గడపలో నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మను నేనే తోలుకొచ్చి దింపుతా సార్. పాపంటే అమ్మకు శానా ఇష్టం."

"నువ్వు?"

"నేను రాను సార్."

మల్లికార్జునయ్య తలూపాడు. ఎందుకని అడగలేదు, రమ్మని బతిమాలలేదు. వెనక్కి తిరగాలని తెలిసినా మిట్టమధ్యాహ్నపు ఎండలో అట్లాగే నిలబడిపోయాడు.

నూరుల్లా ఆయన్ను చూసి కొంచెం గొంతు తగ్గించాడు.

"ఎండ జాస్తిగా ఉంది సార్. ఇంటికి పోండి."