మొదటి పేరు

కోడలి బ్యాగు నేనే సర్దాను. నాకు మడతలు బాగా వచ్చునని కాదు, చేతులు ఖాళీగా ఉంటే నోరు ఏదో ఒకటి అనేస్తుందని భయం. నాలుగు జతల బట్టలు, రెండు తెల్లకోట్లు, ఒక శాలువా. ఆసుపత్రికని వెళ్లిన మా ఆయన బ్యాగూ ఇలాగే సర్దాను, బ్యాగు ఒక్కటే ఇంటికొచ్చింది. మాత్రలు పెట్టానో లేదోనని రెండుసార్లు తెరిచి చూశాను. "ఊరికే తీసి మూస్తే జిప్పు పోతుంది అత్తయ్యా," అంది. వేరే ఊళ్లో చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం, ఆర్నెల్లేనని చెప్పింది.

ఆమె యూరాలజీ, అంటే మూత్రకోశ జబ్బుల డాక్టరు. మా వాడూ అదే. ఇద్దరిదీ ఒకే ఆసుపత్రి, ఆ విభాగానికి పెద్ద మా వాడే. కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా బట్టలు తడిసే ఆడవాళ్ల మీద ఆమె పరిశోధన. ఆ బాధ నాకు ముప్ఫై ఏళ్లుగా ఉంది. నలుగురిలోకి వెళ్లడం మానేశాను. "ముసలిదానివి కాకముందే మూలన పడ్డావు," అని మా ఆయన నవ్వేవాడు. ఎందుకని ఆయనా అడగలేదు, డాక్టరు చదివిన కొడుకూ అడగలేదు. కాపురానికొచ్చిన మూడో నెలలో కోడలు అడిగింది. "తలుపు వేశాను అత్తయ్యా. ఎన్నాళ్ల నుంచి?" మా అమ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ పరిశోధనలో ప్రతి మనిషీ మూడు రోజులు పుస్తకం రాయాలి. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు ఆపుకోలేకపోయారు. సగం మందికి రాయడం రాదు. కొడుకు పాఠ్యపుస్తకాలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుంటే వాళ్లు సాయంత్రాలు వచ్చి చెప్పేవారు, నేను రాసేదాన్ని. "నవ్వొస్తే కొంప మునుగుతుందమ్మా. అందుకే మా ఆయన జోకులకి నవ్వను. ఆయనేమో నాకు పొగరంటాడు," అంది ఒకావిడ. బల్ల మీదున్న నలుగురం నవ్వాం, నలుగురమూ లేచి పరిగెత్తాం. నాలుగేళ్లు, ఆరువందల పన్నెండు మంది. మా వాడు ఒక్కనాడూ ఆ బల్ల దగ్గరికి రాలేదు.

ఆ పరిశోధన వ్యాసం అచ్చుకు పంపే ముందు, మా వాడు భోజనం చేస్తూ అన్నాడు, "నా పేరు ముందుంటే త్వరగా తీసుకుంటారు. ఎవరిదైతేనేం, ఇంట్లోనేగా ఉండేది." కోడలు నా వైపు చూసింది. నేను కూర వడ్డిస్తూ, "వాడికి ప్రమోషన్ సమయం కదే. చిన్నదానివి, నీకు ముందుముందు ఎన్ని రావు!" అన్నాను. ఆమె ఒప్పుకుని సంతకం పెట్టింది.

ఆ వ్యాసాన్ని ఇప్పటికి రెండు వేల పైచిలుకు మంది తమ వ్యాసాల్లో ఉదహరించారు. అన్నిచోట్లా మా వాడి పేరు, పక్కన 'తదితరులు'. ఆ తదితరుల్లో ఆమె ఉంది. ప్రొఫెసరు పదవికి అడిగితే, "మీరు సొంతంగా చేసిందేది?" అన్నారట. అప్పుడు ఫిర్యాదు పెట్టింది. విచారణకు వచ్చిన ఇద్దరు పెద్దలు, పుస్తకాలు నింపినదాన్ని కనుక నన్ను పిలిచారు. "ఈ పనంతా ఎవరు నడిపారమ్మా?" అని మర్యాదగానే అడిగారు. తలుపు అవతల మా వాడు నిలబడి ఉన్నాడు. వాడి చిన్నప్పటి జ్వరాలు గుర్తొచ్చాయి. ఈ వయసులో ఎవరి పంచన ఉండాలన్న భయమూ వచ్చింది.

"ఇద్దరూ కలిసే చేశారండీ. ఎవరెంతో నాకు తెలియదు," అన్నాను.

బయటికి రాగానే, "బాగా చెప్పావమ్మా," అన్నాడు మా వాడు. కోడలు నీళ్ల సీసా అందించి, "మందు వేసుకునే వేళైంది అత్తయ్యా," అంది. తిట్టినా బాగుండేది.

ఆమె వెళ్లిన నెలకు, జరిగింది జరిగినట్టు ఎనిమిది పేజీలు రాసి ఆ పెద్దలకు పంపాను. విచారణ ముగిసిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మా వాడు చదివి, "మతి పోయిందా?" అన్నాడు. ఆ పూట నుంచి వాడికి వడ్డించడం మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, వాడే వడ్డించుకుంటున్నాడు.

ప్రతి సోమవారం ఫోనులో ఆమె పేరు కొట్టి చూస్తాను. ఆమె వెళ్లినప్పటి నుంచి ఒక్క వ్యాసమూ లేదు. మా వాడి పేరు ఉదహరించినవాళ్ల అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.

నా కోడలు ఆరేళ్ల కిందట, మార్చి పంతొమ్మిదిన, పొద్దున ఏడింటి రైలుకు వెళ్లింది. తిరిగి రాలేదు.