పిడికెడు అన్నం, సగం పళ్లెం కూర

తనకు అసలు ఎంత ఆకలేస్తుందన్న సందేహం ఆమెకు పెళ్లయిన నాటినుంచీ ఉంది. అందరూ తిని లేచాక గిన్నెల్లో ఏది మిగిలితే అదే ఆమె ఆకలి. ఎప్పుడూ మిగిలేది అన్నమే. కూరలూ గుడ్లూ మిగలవు. ముందు అందరికీ పెట్టి తర్వాత తినడం దేవుడు మెచ్చే పనేనని నమ్మింది. కానీ ఆ దేవుడు ఒక్కసారైనా తన పళ్లెంలోకి తొంగి చూశాడా అని, దణ్ణం పెట్టుకుంటూ అప్పుడప్పుడూ అనుకునేది.

షుగర్ ఉందని తేలాక డైటీషియన్ అన్నం పిడికెడుకు తగ్గించమంది. కూరలు, గుడ్లు, చేపలు బాగా తినమని కూడా చెప్పింది గానీ, ఆ మాట ఇంకెవరి ఇంటికో అనిపించి ఆమె చెవికెక్కలేదు. మూడు వారాలు పిడికెడు అన్నం, గిన్నె తుడిచిన పులుసు. తను పనిచేసే లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు, చేతిలో చొక్కా ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది.

"నేను అన్నం తగ్గించమన్నానమ్మా, తిండి తగ్గించమనలేదు. మీ కూర ఎవరు తింటున్నారు?" అంది డైటీషియన్.

మీ కూర. బస్సులో దారంతా ఆ మాటే మనసులో తిప్పుకుంది. ఇరవై రెండేళ్లుగా తరిగింది, వేయించింది, ఉప్పు చూసింది తను. అది తనది కూడా అని ఒక్కనాడూ తోచలేదు. "నీకేం, రుచి చూస్తూనే కడుపు నింపుకుంటావు" అని భర్త అన్నప్పుడల్లా తనూ నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

ఆ రోజు వంట కాగానే దణ్ణం పెట్టుకుని, మొదట తన పళ్లెం తీసింది. సగం పళ్లెం కూర, రెండు గుడ్లు, పిడికెడు అన్నం. కుర్చీలో నిటారుగా కూర్చుని, తొందర లేకుండా తింది. కడుపు ఇక చాలని చెప్పేదాకా తింది.

భర్త గిన్నె మూత తీశాడు. "గుడ్లు తగ్గాయేంటి?"

"తగ్గలేదండీ. నా వంతు నేను తిన్నాను."

"అందరికంటే ముందా?"

"షుగర్ కూడా అందరికంటే ముందు నాకే వచ్చింది కదండీ."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ, కొడుకు తినడం అయ్యాక తిందామని ఎప్పట్లాగే గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

ఆమెకు తన కాన్పు రోజులు గుర్తొచ్చాయి. మామగారి కంట పడకుండా అత్త తన గుడ్డు తీసి కోడలి పళ్లెంలో అన్నం కింద దాచిపెట్టింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

ఆమె ఇంకో కుర్చీ లాగింది. అన్నం వడ్డించి, అందరికీ కనబడేలా దాని మీద గుడ్డు పెట్టింది.

"కూర్చోండి అత్తయ్యా. అప్పుడు మీరు అన్నం కింద పెట్టి ఇచ్చారు. నేను పైనే పెడుతున్నా."