బండ మీద మూడు దెబ్బలు

చొక్కా గుండీలు పెట్టుకునేలోగానే సువార్తరావు నలుగురిని తిట్టేశాడు. ముందు చలిని, తర్వాత చొక్కాను, ఆపైన గుమ్మానికి అడ్డంగా పడుకున్న కుక్కను, చివరికి కాస్త గొంతు తగ్గించి దేవుణ్ణి. రోజూ ఇదే వరస. భార్య కృపావతి బతికున్నప్పుడు ఐదో తిట్టు ఆమెది. ఆమె పోయి ఏడాదయినా ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు. అక్కడికొచ్చేసరికి ఒక్కసారి దగ్గి ఊరుకుంటాడు.

మనిషి పొడుగు. వెదురు గడకు లుంగీ చుట్టి నిలబెట్టినట్టుంటాడు. మెడ నరాలు తాళ్లలా తేలి ఉంటాయి. కుడి అరచేయి మాత్రం నున్నగా, అరిగిన మెట్టులా మెరుస్తుంది. అది ఏగిశ చెట్టు చేవతో చేసిన చేతికర్ర పట్టీ పట్టీ వచ్చిన నునుపు.

పనసపుట్టులో ఉన్నవి ముప్పై గడపలు, వాటికి ఒకటే కుళాయి. కొండ నడుమన పెద్ద బండ ఉంది. దాని నెర్రెలోంచి ఊట, ఊట కింద సిమెంటు తొట్టె, తొట్టెలోంచి ఊళ్లోకి పైపు. పొద్దున్నే కొండెక్కి తొట్టెలో రాలిన ఆకులు తీసి రావడం సువార్తరావు పని. ఎవరూ అప్పగించింది కాదు. తొట్టె లేని రోజుల్లో అక్కడ చెలమ ఉండేది, దాన్ని తండ్రి చూసుకునేవాడు. తండ్రి పోయిన మర్నాడు మూలనున్న కర్ర కనబడితే, పట్టుకుని బయల్దేరాడు. అంతే.

నీళ్లలో చెయ్యి పెట్టేముందు బండను కర్రతో మూడుసార్లు కొట్టాలి. అది వాళ్లింటి ఆచారం. మొదటి దెబ్బ పాముకి, తప్పుకోమని. రెండోది కొండదేవతకి, వచ్చామని. మూడోది ఎవరికో తండ్రికీ తెలియదు. బాప్తిస్మం తీసుకున్నాక సువార్తరావు రెండో దెబ్బను యేసయ్య పేరుకు మార్చాడు. మూడోదాన్ని కదపలేదు, ఎవరిదో తెలియనిదాన్ని మనం ముట్టుకోవడం ఎందుకని.

పోయిన ఆదివారం విల్సన్ పాస్టరు మోషే కథ చెప్పాడు. ఫరో అనే రాజు దగ్గర వెట్టి చేసిన జనాన్ని విడిపించి ఎడారిలో నడిపించిన పెద్దమనిషి మోషే. జనం దాహమని సణిగితే, బండతో మాట్లాడు, నీళ్లిస్తుంది అన్నాడు దేవుడు. మోషే విసిగిపోయి ఉన్నాడు. కర్రెత్తి కొట్టాడు. నీళ్లు వచ్చాయి, కానీ ఆ తప్పుకు, దేవుడు ఇస్తానన్న కనాను దేశంలో అడుగు పెట్టలేకపోయాడు.

చాప మీద కూర్చున్న సువార్తరావుకు చేతిలో కర్ర చల్లబడినట్టయింది. మోషే కొట్టింది ఒక్కనాడు. తను కొడుతున్నది ఊహ తెలిసినప్పటినుంచి. కనాను ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. కృపావతి ఉన్న చోటు అది, అంతవరకే తెలుసు.

సోమవారం నుంచి బండను కొట్టడం మానేశాడు. రెండు రోజులకే కుళాయి సన్నబడింది. ఇవాళ కుళాయి దగ్గరికి వచ్చేసరికి బిందెలు బోర్లా పడి ఉన్నాయి.

"బావా, నీ కుళాయి మూలుగుతంది గానీ నీళ్లిడవడం లేదు. అచ్చం నీలాగే," అంది అప్పలనర్సమ్మ. ఆమె కృపావతి చెల్లెలు. చర్చికి రాదు, కొండదేవతకే కోడిని కోసుకుంటుంది.

"నన్నేటి సెయ్యమంతావు? నానేటి మబ్బునా, కురవడానికి?"

నిండు నెలల హేమలత రెండు బిందెలు తీసుకుని కింద పారే గెడ్డ వైపు నడిచింది. ఆ దారి గొర్రెలు కూడా ఆలోచించుకుని దిగే దారి.

"మెల్లగా ఎల్లవే గుంటా, జారుతాది!" అని కేకేసి, అప్పలనర్సమ్మ ఇటు తిరిగింది. "బండని కొట్టడం మానేసినావేటి?"

"ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పాలేటి? తెల్లారి కొండ మీద నీ మోత ఇనబడితే లేచేదాన్ని. ఈ వారం నా నిద్దరకి అడ్డూ ఆపూ లేదు."

సువార్తరావు నసుగుతూ మోషే సంగతంతా చెప్పాడు. ఆమె పెదవి విరుస్తూ విన్నది.

"కొడితే నీళ్లొచ్చినాయా, రాలేదా?"

"వొచ్చినాయి. శానా వొచ్చినాయి."

"మరా ముసిలోడు?"

"కొండెక్కించి ఆ దేశమంతా సూపించినాడు. ఎల్లనివ్వలేదు. అక్కడే పానం పోనాది."

"కప్పెట్టింది ఎవులు?"

"దేవుడే. తన సేతుల్తోటి."

"మా ఆయన్ని కప్పెట్టడానికి నలుగురు దొరక్క మజ్జానం దాకా కూకున్నాం," అంది అప్పలనర్సమ్మ. "మీ వోడికి దేవుడే మట్టేసినాడా? అది సిచ్చేటి, బావా?"

సువార్తరావు ఆమెనూ, దారినీ, మోకాళ్లనూ కలిపి తిట్టుకుంటూ కొండెక్కాడు.

పోయిన వారం పడిన చిన్న జల్లుకే కాఫీ తోటలు పూశాయి. ఊటకు చాలని వాన పూతకు చాలింది. కొమ్మ కొమ్మనా తెల్లటి పూలు, నేల మీదా తెల్లటి రేకలు. ఎడారిలో మోషే జనానికి తిండిగా ఆకాశం నుంచి మన్నా కురిసిన పొద్దు ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాడు. పైన మంచు. ఆ కొండల్లో మంచు సంగతి అందరికీ తెలిసిందే. ఒక ఏడాది ఎంత చిక్కగా పట్టిందంటే, పక్క ఊరి పెళ్లికి భోజనానికి వెళ్లిన సువార్తరావును ఎవరో చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టారు. మంచు విడిచి చూస్తే పెళ్లికొడుకు తనే. అసలు పెళ్లికొడుకు ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. ఈ కథ ఆయన చెప్పినప్పుడల్లా కృపావతి, "మంచు కాదు, నాను కళ్లు మూసుకున్నాను," అనేది. పాస్టరుకు కనబడకుండా అడ్డపొగ పీల్చే మనిషి, చుట్ట నిప్పు నోట్లోనే ఉంచుకుని నవ్వేది.

బండ దగ్గర తొట్టె అడుగు కనబడుతోంది. నెర్రెలోంచి ఒక చుక్క ఊరి, ఆలోచించి, రాలింది.

కర్ర పక్కన పెట్టి సువార్తరావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బండా," అని పిలిచి, సిగ్గేసి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "నీళ్లియ్యే తల్లీ. నీ నీళ్లు తాగే ఇంతటోణ్ణయినాను." చుక్క. పాస్టరు గొంతుతో ప్రార్థన చేశాడు. చుక్క. బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ క్షమించమన్నాడు. బండ అన్నిటినీ ఒకేలా విన్నది.

మంచు అడుగునుంచి ఖాళీ బిందెల చప్పుడు వస్తోంది. గెడ్డ దారిలో ఎవరో ఆగి ఆయాసపడుతున్నారు. హేమలతే. అడుగు వేస్తుంది, ఆగుతుంది, మళ్లీ అడుగు.

సువార్తరావు కర్ర తీసుకున్నాడు.

"కృపా, నాను రాలేనేమోనే," అన్నాడు మంచుతో. "కొండ మీంచే సూత్తాను. నువ్వు అక్కడినుంచి సెయ్యూపు, సాలు."

మొదటి దెబ్బ పాముకి కొట్టాడు. రెండోది యేసయ్యకి, కోపగించుకోవద్దని. మూడోది ఇన్నాళ్లకు ఎవరిదో తెలిసింది. హేమలత కడుపులో బిడ్డకని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నెర్రెలోకే పొడిచాడు.

లోపల ఏదో కదిలింది. ఇన్నాళ్లూ దెబ్బల అదురుకు ఎప్పటికప్పుడు రాలిపోయే వేళ్లూ ఇసకా, ఈ వారం ఊరికే ఉండేసరికి గడ్డకట్టుకుని దారి మూసేశాయి. ముందు ఎర్రమట్టి ముద్ద ఊడిపడింది. తర్వాత నీళ్లు, ఆయన ముఖం మీదకే.

కర్ర నెర్రెలో ఇరుక్కుపోయింది. లాగే ఓపిక లేక వదిలేసి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని బండకు ఆనుకున్నాడు. మంచు ఒక్క క్షణం పక్కకు జరిగింది. లోయ మొత్తం కనబడింది. తెల్లటి కాఫీ తోటలు, పొలాల మధ్య పురుగులా పాకుతున్న రైలు, కుళాయి చుట్టూ చీమల్లాంటి మనుషులు, అక్కడినుంచి లేచిన కేక. చూడనిచ్చావు, అదే పదివేలు అనుకున్నాడు. మళ్లీ మంచు కమ్మింది. ఎడమ రెక్క లాగుతోంది. దాన్ని తిట్టబోయి, బద్ధకించి ఊరుకున్నాడు.

మంచులో ఎవరో పైకి వస్తున్న అలికిడి. ముఖం కనబడలేదు. చుట్ట వాసన వచ్చింది.

"అక్కడ కూడా మానలేదేటే?" అన్నాడు. ఈసారి దగ్గలేదు.

మధ్యాహ్నం అప్పలనర్సమ్మ ఆనపకాయ బుర్రలో చోడి అంబలి పోసుకుని కొండెక్కింది. "బావా, కుళాయి తిరగబడిపోతంది, సూద్దువు రా," అంది దూరం నుంచే. దగ్గరికొచ్చి, బుర్ర కింద పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది. "తిట్టు, బావా," అంది. చాలాసేపు చూసి, చేత్తో ఆయన కళ్లు మూసింది. అక్కడ చుట్ట వాసన వేస్తోంది. తన చుట్ట తడుముకుంది. అది వెలిగించకుండా బొడ్లోనే ఉంది.

సాయంత్రం గొయ్యి దగ్గర ఆమే పాస్టరును అడిగింది. "బండని కొట్టేసినాడయ్యా. ఎల్లనిత్తారా?"

విల్సన్ పాస్టరు బైబిలు హేమలత చేతికిచ్చి, చెప్పులు విడిచి, దోసిలితో ముందుగా తనే మట్టి వేశాడు.

కర్రను ఎవరూ తీయలేదు. చిగురు వేసిందని చెప్పేవాళ్లూ ఉన్నారు గానీ, అది మరీ ఎక్కువ. బండ నెర్రెలో కాస్త పక్కకు ఒరిగి ఉంది, నున్నగా అరిగిన పిడి బయటికి, నీళ్లు దానికి అటూ ఇటూ చీలి దిగుతుంటే సన్నగా అదురుతూ.