చైనా కుర్చీ ఎడమ చెయ్యి

ఇషాక్ పోయి అయిదు నెలలైంది. గుంటూరులోని అతని వడ్రంగి కొట్టులో అతని చేతి పని ఇంకొక్కటే మిగిలింది: కంటి డాక్టరు శివపార్వతి గారి పాత చైనా కుర్చీ. వదులైన వెనక కాలు బిగించాడు గానీ పాలిష్ వెయ్యలేదు. అడిగినా అడక్కపోయినా ఒక పూత వేసి ఇవ్వడం ఆ కొట్టు మర్యాద. భర్త చివరి పనికి మాట రాకూడదని లాల్‌బీ తనే గరుకు కాగితం పట్టుకుంది.

కుర్చీ ఎడమ చెయ్యి మీది నలుపంతా రుద్దేసరికి ఎర్రటి పొడి రాలింది. కారమేమోనన్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది. తుమ్ము రాలేదు. వేలికి అద్దుకుని వాసన చూసింది.

"బాషా, ఇదేం కొయ్యరా?"

మరిది ఒంగి చూశాడు. "ఎర్రచందనం వదినా. మన కొండల్లో పెరిగేదే."

"మరి చైనా కుర్చీ అంటారేంటి?"

"అప్పట్లో దుంగలు ఓడలెక్కి అక్కడికి పోయేవంట. అన్న చెప్పాడు. నువ్వూ నేనూ బెజవాడ దాటలేదు, దీన్ని చూడు!"

రేపు వస్తానన్న డాక్టరమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. కుర్చీని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో, పాలిష్ వద్దని ఇషాక్ గారికి చెప్పానే!"

"ఆయన మాకు చెప్పలేదు మేడమ్. రుద్దింది నేను. ఆయన్నేమీ అనకండి."

"ఆ మురికి మీకెందుకండీ?" అన్నాడు బాషా.

"మురికి కాదయ్యా. రెండొందల ఏళ్లు ఎవరెవరో కూర్చుని చేతులు ఆనిస్తే వచ్చిన నిగనిగ. ఈ కుర్చీలు కొనేవాళ్లు ముందు వెతికేది అదే. కొత్త పాలిష్ కనపడితే వెనక్కి తిరిగిపోతారు."

లాల్‌బీ కుర్చీ కుడి చెయ్యి మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా, నున్నగా ఉంది. చివరి నెలంతా ఆ కొయ్య మీద ఆడిన చేతులు ఎవరివో ఆమెకు తెలుసు. ఎడమ వైపు చూడలేదు.

డాక్టరమ్మ ఫోన్ లైటు వేసి, నేల మీద కూర్చుని వెనక కాళ్లు రెండూ తడిమింది. కొయ్యలో కొయ్య దిగిన అతుకులు. మేకు లేదు.

"ఏ కాలు విప్పారో కూడా తెలియడం లేదు. ఎలా చేశారండీ?"

"అది తెలుసుకుందామనే నేనూ రోజూ చూస్తున్నా మేడమ్."

కాసేపు ఇద్దరూ ఆ అతుకు దగ్గరే తలలు వంచి ఉండిపోయారు. తర్వాత లాల్‌బీ అడిగింది.

"మీరు దీంట్లో కూర్చుంటారా?"

"లేదండీ. ఇంట్లో అందరూ చూసేలా గాజు తలుపుల గదిలో పెడతాను."

"మరి ఆ ఎడమ చెయ్యి మళ్లీ ఎప్పుడు నల్లబడుతుంది?"

డాక్టరమ్మ లేచి, చీర సర్దుకుని, భయపడుతూ కుర్చీ అంచున కూర్చుంది. బాషా చెవి ఒగ్గాడు. కిర్రుమనలేదు.

"భయం లేదు మేడమ్," అంది లాల్‌బీ. "ఇంకాస్త వెనక్కి ఆనుకోండి."