వంటింట్లో చెప్పుకునే మాటలు

పొద్దున ఏడింటికల్లా మట్టం, ఆమె బాబాయి ఎవరో ఒకరి ఇంటి మెట్లెక్కుతూ ఉంటారు. మట్టం భుజాన చెక్క పలకల పెట్టె, చేతిలో రంపం. బాబాయి చేతిలో టీ ఫ్లాస్కు. మోకాళ్ళు అరిగిపోయాయని, బరువులు మొయ్యలేనని ఆయన అంటాడు. భోజనం దగ్గర అవే మోకాళ్ళు మడిచి గంటసేపు కూర్చోగలడు, అది వేరే సంగతి.

మట్టం అన్నది ఆమె పేరు కాదు. మేస్త్రీలు నేల వాలు చూసుకునే సాధనం పేరు. చిన్నప్పుడు ఎవరింటికి వెళ్ళినా నమస్కారం పెట్టడం మాని ముందు గోడ మీది ఫోటోలు సరిచేసేదట. వంకరగా ఉన్నదేదైనా కనిపిస్తే ఆమెకి అన్నం సహించదు. అందుకే ఇంకా పెళ్ళి కాలేదని కొందరంటారు. చూడటానికి వచ్చిన అబ్బాయి మీసం ఒకవైపు దిగి ఉందని మొహం మీదే చెప్పిందని మరికొందరంటారు. ఆ మీసం చూసినవాళ్ళు మాత్రం ఏమీ అనరు.

వాళ్ళు ఇళ్ళలో వేసేది ఇంజనీర్డ్ వుడ్. పైన కనిపించేది నిఖార్సైన చెక్కే, కాకపోతే గోరంత మందం. కిందంతా పొర మీద పొర అతికించిన ప్లైవుడ్. కొత్త చుట్టాల్లాగే అన్నమాట. దాన్ని తెచ్చిన రోజే వెయ్యకూడదు. వెయ్యబోయే గదిలోనే పెట్టెలు విప్పి రెండు రోజులు పడుకోబెట్టాలి. ఆ ఇంటి తేమకి, వేడికి, గొంతులకి చెక్క అలవాటు పడాలి. తరవాత సిమెంటు నేల చదును చేసి, మెత్తటి ఫోమ్ పరిచి, ఒక పలక అంచు నాలుకని పక్క పలక గాడిలోకి దించుకుంటూ పోవాలి. మేకులుండవు, జిగురుండదు. ముసురు రోజుల్లో చెక్క ఒళ్ళు విరుచుకోవడానికి గోడల వెంట చిటికెన వేలు పట్టేంత సందు వదలాలి.

అలా వేసిన నేల మీద నిలబడి ఎవరైనా అబద్ధమాడితే కిర్రుమంటుంది. చెక్క గుణం అది. అందుకే ఆ ఊళ్ళో మర్యాద తెలిసినవాళ్ళు అబద్ధమాడవలసి వస్తే వంటింట్లోకి వెళ్తారు, అక్కడ టైల్స్ ఉంటాయి కాబట్టి. "మీరు ఇంకో నాలుగు రోజులుంటే ఎంత బాగుండేది" అన్న మాట చాలా ఇళ్ళలో వంటింట్లోంచే వినపడుతుంది.

కొత్త అపార్ట్‌మెంట్ టవర్లలో ఈ బెడద లేదు. అక్కడ లారీలోంచి దిగిన చెక్కని దిగినట్టే సిమెంటుకి జిగురుతో అంటించేస్తారు. అంటించిన చెక్క నోరు మూసుకుని పడి ఉంటుంది. జనం టవర్లకి మారిపోతూ లిఫ్టు కోసమనీ గాలి కోసమనీ చెబుతారు. అది కూడా వంటింట్లో నిలబడే చెబుతారు.

ఒక్క టవర్లోనైనా జిగురు లేకుండా నేలలు వెయ్యాలని మట్టం ఎన్నాళ్ళనుంచో పంతం పట్టి ఉంది. "పంతాలు పట్టడానికి మనమేమైనా జమీందార్లమా" అంటాడు బాబాయి. సరిగ్గా అప్పుడే, ఇంకా కడుతున్న ఒక టవర్ మేనేజరు ఆమెని పిలిచాడు. పాత వీధిలో ఉన్న తన ఇంట్లో ఒక గది వేసి చూపించమన్నాడు. కిర్రుమనకుండా వేస్తే టవరంతా ఆమెకే, ఆమె పద్ధతిలోనే. "మా ఇంట్లో అబద్ధాలాడేవాళ్ళెవరూ లేరు. చప్పుడొచ్చిందంటే అది నీ పనిలో లోపమే" అని ముందే తేల్చేశాడు.

ఆ మాట నిజమే. మేనేజరు అబద్ధమాడడు, దానికి కావలసిన ఊహ ఆయనకి లేదు. ఆయన భార్య దర్జీ. ఆవిడైతే వంటింట్లో కూడా అబద్ధమాడదని పేరు.

వెయ్యవలసిన గది ఆవిడ కుట్టుగది. కాపురానికి వచ్చినప్పటినుంచీ అక్కడే కుడుతోంది. టవర్ మేనేజరైనవాడికి ఇంట్లో ఆఫీసు లేకపోతే నలుగురిలో ఏం గౌరవమని ఆయనకి తోచింది. బల్ల, తిరిగే కుర్చీ కొనేశాడు. తిరుగుతుందో లేదో హాల్లో కూర్చుని రోజూ చూసుకుంటున్నాడు. కుట్టుమిషను హాల్లో దుప్పటి కప్పుకుని ఓ మూల ఉంది. ఆదివారం పాతసామాన్లతను వచ్చి పట్టుకెళ్ళాలని మాట. అన్నిటికీ దర్జీ అక్క సరే అంది.

మట్టం పలకల్ని పడుకోబెట్టింది, లేపింది, వేసింది. తనూ బాబాయీ గదంతా తొక్కి చూశారు. బాబాయి ఒక గెంతు గెంతి మరీ చూశాడు, మోకాళ్ళ సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు. చప్పుడు లేదు. సాయంత్రం భార్యాభర్తలు చూడటానికి వచ్చారు. గది నడిమధ్యన కిర్రుమంది.

మేనేజరు నాసిరకం సరుకు కొన్నవాడిలా మొహం పెట్టాడు. 

మర్నాడు మట్టం సగం గది విప్పింది. కింద సిమెంటు అద్దంలా ఉంది. అయినా ఊరుకోలేక ఉన్న నేలని అరగదీసింది, లేని గుంత పూడ్చింది. మళ్ళీ వేసింది. వాళ్ళు వచ్చారు, కిర్రుమంది. ఆ మర్నాడు గోడల వెంట స్కర్టింగు పట్టీ ఊడదీసి సందు కొలిచింది. తలుపు అడుగు చెక్కింది. కిర్రు పోలేదు.

శనివారం బాబాయి ఫ్లాస్కు ఇంట్లో పెట్టి జిగురు డబ్బాతో వచ్చాడు. గది గడప దాటకుండా మెట్ల మీదే కూర్చుని నచ్చజెప్పాడు. "అంటించేద్దాం అమ్మాయ్. ఎవరికి తెలుస్తుంది? టవరొస్తుంది, నీ పంతమూ నెగ్గుతుంది."

"అంటించాక నెగ్గేది జిగురు, బాబాయ్."

"నీతో వాదించడం కంటే ఆ గోడకి సున్నం కొట్టడం నయం."

ఆదివారం పొద్దున మట్టం మళ్ళీ వచ్చింది, బాబాయి మెట్ల మీదే ఉండిపోయాడు. కింద వీధిలో పాతసామాన్లతను బండి ఆపి, పిలిస్తే పైకొద్దామని చూస్తున్నాడు. మట్టం నడిమధ్యన మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి పలకకి ఆనించింది. కిర్రు ఏ జాయింటులో ఉందో ఇవాళ చేత్తోనే పట్టుకుంటానంది. గదిలోనే నిలబడి మేనేజరు తన ఆఫీసు ఎలా ఉంటుందో భార్యకి వివరిస్తున్నాడు.

"కర్టెన్లు బూడిద రంగు వేద్దాం."

"సరే" అంది ఆవిడ. మట్టం చేతి కింద పలక కిర్రుమంది.

"టీ ఏమైనా పెడతావా?"

"సరే." చప్పుడు లేదు.

"బల్ల కిటికీ దగ్గర వేస్తాను."

"సరే." కిర్రు.

మట్టం చెయ్యి తీసింది. ఇన్ని రోజులూ నేలని అనుమానించినందుకు దాని ఒళ్ళు ఒకసారి నిమిరింది. ఇష్టం లేకుండా సరే అనడం అబద్ధమని ఎవరికీ తోచదు. దాన్ని మంచితనమంటారు. చెక్కకి ఆ తేడా తెలియదు పాపం.

"అక్కా, ఇక్కడికొచ్చి నిలబడండి. సరే అన్న మాట తప్ప ఇంకేదైనా చెప్పండి. నేను నేల చూసుకోవాలి."

"ఏం చెప్పను?"

"ఏదైనా. మీ గది గురించి చెప్పండి."

దర్జీ అక్క కిటికీ వైపు చాలాసేపు చూసింది. టీ సంగతి మర్చిపోయింది.

"ఇక్కడ వెలుతురు ఎడమచేతి వైపు పడుతుంది" అంది. "నల్లగుడ్డ మీద నల్లదారం కూడా కనపడుతుంది. ఈ ఇంట్లో ఇంకెక్కడా కనపడదు."

నేల నిశ్శబ్దంగా ఉంది.

"మిషను ఇవ్వను" అంది. ఆగి, కాళ్ళ కిందకి చూసుకుని, "ఈ గదీ ఇవ్వను" అంది.

పలకలు గుడ్డ పరిచినట్టు ఊరుకున్నాయి.

మేనేజరుకి ఆ గదిలో అంత నిశ్శబ్దం అలవాటు లేదు. "మరి ఇన్నాళ్ళూ సరే అన్నావుగా?"

"అన్నాను."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. ఎక్కడికని ఆవిడ అడిగింది.

"మంచినీళ్ళు తాగొస్తాను" అన్నాడు. కాలి కింద కిర్రుమంది.

"వంటింట్లోకి వద్దు. ఏదో ఒకటి ఇక్కడే నిలబడి చెప్పండి."

"నాకూ ఆఫీసు కావాలి" అన్నాడు. నేల ఒప్పుకుంది. "హాల్లో అయితే నాకు పని సాగదు" అన్నాడు. కిర్రుమంది. హాల్లో టీవీ ఉంది మరి.

"సరే, గది నువ్వే ఉంచుకో" అన్నాడు. కిర్రుమంది.

"సార్, కొంచెం మనసు పెట్టి" అన్నాడు బాబాయి, మెట్ల మీదనుంచి.

మేనేజరు పక్క పలక మీదికి జరిగి చూశాడు, అక్కడా అంతే. చెప్పులు విడిచి చూశాడు. కిందనుంచి బండి అతను కేక వేస్తే ఎవరూ పలకలేదు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆదివారమైనా విప్పని, మాసిపోయిన తన నల్లకోటు చేతి అంచు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అక్కడ నల్లదారంతో వేసిన చిన్న కుట్టు ఉంది. అది ఎప్పుడు చిరిగిందో, ఆవిడ ఎప్పుడు కుట్టిందో ఆయనకి తెలియదు. వేలితో తడిమాడు.

"సరే" అన్నాడు.

బాబాయి గడప దాటి వచ్చి, ఆ అరిగిపోయిన మోకాళ్ళ మీదే వంగి చెవి నేలకి ఆనించాడు. ఏమీ లేదు.

పాతసామాన్లతను వెళ్ళిపోతూ ఆ తిరిగే కుర్చీ ఇస్తారేమోనని అడిగాడట. మేనేజరు ఇవ్వలేదు. అది ఇప్పుడు హాల్లో టీవీకి ఎదురుగా ఉంది, ఆఫీసు పని చాలా జరుగుతోందని వినికిడి.

మట్టం సామాను సర్దుకుంటుంటే టవర్ పని ఆమెదే అన్నాడు మేనేజరు. కాకపోతే కొనుక్కునేవాళ్ళు భయపడతారు కాబట్టి అక్కడ మాత్రం అంటించెయ్యమన్నాడు. మట్టం నాలుక చివరిదాకా సరే వచ్చింది. తను వేసిన నేల మీద తనే నిలబడి ఉందని గుర్తొచ్చింది.

"అంటించను సార్. చెక్క ముందు పడుకోవాలి. ఇష్టమైతే పిలవండి."

"ఆలోచించి చెబుతాను" అన్నాడు. కిర్రుమంది. ఆలోచించడానికేమీ లేదని ఆయనకే తెలిసింది. వారం తిరక్కుండా టవర్లో పలకల పెట్టెలు గదికిన్ని చొప్పున పడుకున్నాయి. ఇప్పుడక్కడ అన్నిటికంటే పెద్ద వంటిల్లున్న ఫ్లాటుకే గిరాకీ.

దర్జీ అక్క మిషను మళ్ళీ కిటికీ పక్కకి చేరింది. కర్టెన్లు లేవు. ఆ గదిలో కొలతలు తీసుకుంటుంది, బాగోని రంగు బాగోలేదంటుంది, లావైనవాళ్ళని లావయ్యారనే చెబుతుంది. రోజంతా మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడుండదు. బట్టలు ఎప్పుడిస్తావని ఎవరైనా అడిగితే మాత్రం లేచి, వాళ్ళని మర్యాదగా వంటింట్లోకి తీసుకెళ్ళి, "శుక్రవారానికల్లా" అంటుంది.