ఖాళీ చీటీలు రెండు

ఈ వారమంతా పొద్దున లేవగానే నా మొదటి పని, సరుకుల సంచికి ‘ఆష్‌వర్త్’ అని మా ఇంటిపేరు రాసిన చీటీ కట్టి వంటింటి గుమ్మంలో పెట్టడం. బ్లాక్‌పూల్ సముద్రపొడ్డు అద్దె గదుల్లో పద్ధతి అంతే. సరుకులు మనం తెచ్చివ్వాలి, ఇంటావిడ మిసెస్ క్లెగ్ వండిపెడుతుంది. చీటీ లేకపోతే మన చేప ఎవరి పళ్ళెంలోకో పోతుంది.

దీన్ని సెలవంటారు! ఏడాదంతా మిల్లులో నాలుగు మగ్గాలు చూస్తాను. మగ్గాల్ని తిప్పే బెల్టు లాగేస్తుందని జుట్టు బిగించి టోపీలోకి తోసేస్తాం. నా పక్క మగ్గాల ఎల్సీకి ఒకసారి జుట్టు నెత్తిమీద చర్మంతో సహా ఊడొచ్చింది. ఈ ఒక్క వారం మిల్లు మూస్తారు, ఊరు ఊరంతా సముద్రానికొస్తుంది. రైలెక్కగానే మా ఆయన విల్ఫ్ ఏటా అనే మాటే అన్నాడు: "ఇంకేం, జుట్టు విప్పుకో నెల్లీ!" మా వైపు ఆ మాటకర్థం, ఎవరేమనుకుంటారోనని బిగుసుకుపోకుండా హాయిగా ఉండమని. తీరా వచ్చాక కసాయి కొట్టు ముందు వరసలో నిలబడేది నేను. ఆయనా, వాళ్ళమ్మా ఇసకలో కుర్చీలేసుకుని కాళ్ళు చాపుకుంటారు. "లివరు మెత్తనిది చూసి తే, నిన్నటిది వట్టి తోలు," అని అత్తగారు వెనకనుంచి కేకేస్తుంది.

నిన్న మధ్యాహ్నం మాత్రం విల్ఫ్ అన్న ఆ జుట్టు మాట నిజంగానే నమ్మాను. డాన్సు హాల్లో మా మిల్లు ఆడవాళ్ళు ఒకరి నడుమొకరు పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే, బూట్లు విప్పేసి నేనూ దూకాను. పగలబడి నవ్వాను. నా నవ్వు నేను విని ఎన్నేళ్ళయిందో! అంతలో విల్ఫ్ వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఫోర్‌మన్ పెళ్ళాం చూస్తోంది. ఏంటా వెకిలి వేషాలు?"

"నువ్వే కదా, జుట్టు విప్పుకోమన్నావు?"

"ఏదో మాటవరసకి అంటాం. అంటే మాత్రం?"

అత్తగారు బూట్లు నా ముందు పడేసింది. "తొడుక్కో తల్లీ, మా పరువు తీసింది చాలు."

ఏడుపొచ్చింది. వాళ్ళు తిట్టినందుక్కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట నాకోసమే అంటున్నాడనుకున్నందుకు.

ఇవాళ శుక్రవారం. రేపు రైలు, సోమవారం మగ్గం. పొద్దున వరసలో నిలబడి ఒక్క మాంసం ముక్క, రెండు బంగాళాదుంపలు కొన్నాను. చీటీ మీద ‘నెల్లీ’ అని రాశాను.

మిసెస్ క్లెగ్ సంచి విప్పి చూసింది. "ఒక్కరికేనా? మీ ఆయనకీ, ఆ పెద్దావిడకీ?"

"కొట్టు తెరిచే ఉంది," అన్నాను. "ఇవిగో, ఖాళీ చీటీలు రెండు. లేచాక వాళ్ళకివ్వండి."