భోజనాల తలుపు పక్కన బల్ల

నేను ఒక మడత బల్లని. ఏప్రిల్ రెండో ఆదివారం ఉదయం పది గంటలకు, న్యూజెర్సీలోని ఒక తెలుగు సంఘం హాల్లో, వైదేహి నా కాళ్లు విప్పి నన్ను భోజనాల గది తలుపు పక్కన నిలబెట్టింది.

నేను ప్లాస్టిక్ అచ్చులో పుట్టాను. మొదట కొన్న కుటుంబం ఒక పుట్టినరోజు కేకు కోసం నన్ను వాడుకుని, గ్యారేజీలో పడేసింది. అక్కడి నుంచి ఒక వంటల కాంట్రాక్టరు తీసుకెళ్లాడు. అతని సాంబారు గిన్నె నా మీద గుండ్రటి మచ్చ వేసింది. మచ్చ పడిన బల్ల పెళ్లిళ్లకు పనికిరాదని నన్ను సంఘానికి విరాళంగా ఇచ్చి, ఫోటో తీయించుకున్నాడు.

వైదేహి ఒక ఆస్పత్రిలో పనిచేస్తుంది. కొత్త మందుల్ని రోగుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ గురించి మనవాళ్లకు చెప్పడం ఆమె పని. నా మీద తెలుగు కరపత్రాలూ, ఆస్పత్రి పేరున్న పెన్నులూ పేర్చింది.

"మనమేమన్నా ఎలకలమా అమ్మా?" అని నవ్వుతూ ఒకాయన రెండు పెన్నులు తీసుకున్నాడు.

"ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చండీ," అంది వైదేహి. ఆయన అప్పటికే పులిహోర వరసలో ఉన్నాడు. మధ్యలో మానేయొచ్చన్న సంగతి కరపత్రం మొదటి పేజీలోనే ఉంది. మధ్యాహ్నానికి పెన్నులు అయిపోయాయి. కరపత్రాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అప్పుడు సంఘం మాజీ అధ్యక్షుడు ముకుందరావు వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. భార్య హైమవతికి ఊపిరితిత్తుల క్యాన్సర్. వాడుతున్న మాత్రలు పనిచేయడం మానేశాయి. డాక్టరు ఒక ట్రయల్ పేరు చెప్పాడు.

"అది మా దగ్గరే అంకుల్. నెలాఖరు దాకా చేర్చుకుంటారు. ఆంటీని మంగళవారం తీసుకురండి."

"ఆవిడకి తెలీదమ్మా."

"ఏం తెలీదు?"

"జబ్బు సంగతి. నిమ్ము చేసిందని చెప్పాం. డాక్టరు ఇంగ్లీషులో అన్నది తెలుగులో చెప్పేది నేనే కదా."

వైదేహి కుర్చీలో కూర్చుంది. "ట్రయల్‌లో చేరాలంటే ఆంటీయే విని ఒప్పుకోవాలి."

"నేను ఒప్పుకుంటున్నాగా. ఇల్లు కొన్నప్పటి నుంచీ అన్నీ నేనే చూసుకుంటున్నా."

"ఇది కుదరదంకుల్. నేను పక్కనుండి మెల్లగా చెప్తాను."

"చెప్తే ఆ దిగులుకే పోతుంది."

హైమవతి దగ్గుకుంటూ రెండు గిన్నెల పాయసంతో వచ్చింది. గిన్నెలు నా మీద పెట్టి కరపత్రం తీసింది. "క్యాన్సరా? పాపం. ఎవరికో, అమ్మాయ్?"

ముకుందరావు కాగితం ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. "మనకెందుకు, పద. పాయసం చల్లారిపోతోంది."

వైదేహి ఆ కరపత్రాన్ని మళ్లీ దొంతిలో పెట్టింది. రోగికే తెలియని జబ్బు పేరు బల్ల దగ్గర నిలబడి చెప్పే హక్కు ఆమెకు లేదు. సాయంత్రం నా మీద మోచేతులు ఆన్చి ముకుందరావుకు ఫోన్ చేసింది. ఆ తర్వాత కూడా చేసిందట. ప్రతిసారీ "ఆలోచిస్తున్నానమ్మా" అన్నాడని వైదేహి సంఘం కార్యదర్శితో అంటుంటే విన్నాను.

మే రెండో ఆదివారం నన్ను మళ్లీ అక్కడే నిలబెట్టారు. హైమవతి ఒక్కతే వచ్చింది. నా అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకుంది.

"అమ్మాయ్, ఈ నిమ్ము ఎంతకీ తగ్గట్లేదు. మీ ఆస్పత్రిలో దీనికేమన్నా కొత్త మందు పరీక్షిస్తున్నారా? ఉంటే నేను చేరతాను. మా ఆయనకి మాత్రం చెప్పకు, కంగారుపడతారు."

ఆ ట్రయల్‌లో చేర్చుకోవడం ఏప్రిల్ ముప్పైతో ముగిసింది.